సూవి బ్రోద్ దగ్గర రెండో బండి

నిష్,
సెప్టెంబరు, ఊరంతా మిరపకాయలు కాల్చే వారం

సూవి బ్రోద్ రైలు గేటు ఎత్తింది నేను కాదు. నువ్వూ మిలుతినూ ఎత్తారు. ఎత్తి, ఒక మనిషి చెయ్యి పోగొట్టి, రైల్వే కమిషన్ ముందుకెళ్ళి "మూడో సర్క్యూట్ చెడిపోయింది" అని చెప్పొచ్చావు. మూడోది ఎవరు రాశారని వాళ్ళడిగితే చెప్పడం ఇష్టం లేనట్టు మొహం పెట్టి, నా పేరు చెప్పావట. ఆ మొహం నాకు తెలుసు. ఎదుటివాడి మీద జాలిపడుతూ అతణ్ణి ముంచేటప్పుడు పెట్టే మొహం అది.

ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం. ఎత్తినా నవ్వి మాట మారుస్తావు; కాగితం మీద నవ్వలేవు. ఈ ఉత్తరం బెల్‌గ్రేడ్ బస్సు డ్రైవర్ చేతికిస్తున్నాను. స్టేషన్‌కొచ్చి తీసుకో. రాకపోతే నీ పేరు మైకులో పిలిపిస్తానని ఆయన మాటిచ్చాడు.

నీకు తెలిసిందే మళ్ళీ రాస్తాను. నీ నోట విన్నవాళ్ళందరికీ అది తలకిందులుగా తెలుసు గనక, ఒక్కచోటైనా సరిగ్గా ఉండాలి.

గేటుకోసం మనం చేసిన పెట్టెలో ఒక చిప్పు, అందులో ఒకే పని చేసే సర్క్యూట్లు మూడు. రైలు వస్తోందా, గేటు దించాలా, ఎత్తొచ్చా అని మూడూ విడివిడిగా తేల్చుకుని ఓటేస్తాయి. రెండు ఏది అంటే అది. అందుకే ముగ్గురం విడివిడిగా రాశాం: నువ్వొకటి, మిలుతిన్ ఒకటి, నేనొకటి. ఒకరి పని ఒకరు చూడకూడదు, దాని గురించి మాట్లాడుకోకూడదు. ఆ నియమం పెట్టిందే నువ్వు. "మాట్లాడుకుంటే మూడు బుర్రలూ ఒకటైపోతాయి, ఇంక ఓటెందుకు?" అని నా బల్లని మెట్లకింద గదిలో వేయించావు. ఇక చిప్పు గొప్పతనం, అందరూ లేచి చప్పట్లు కొట్టింది దానికే: మూడింట్లో ఒకటి మిగతా రెండిటితో విభేదిస్తే అది చెడిపోయిందని లెక్క. చిప్పు తనంతట తనే దాని తీగల్ని చెరిపేసి, ఆ చోట మంచివాటిలో ఒకదాని నకలు రాసుకుంటుంది. మనిషి చెయ్యి పడక్కర్లేదు. తన గాయం తనే మాన్పుకునే యంత్రం.

చాలా బాగుంది. ఆరోజు మీవి రెండూ గేటు ఎత్తమన్నాయి, నాది విభేదించింది. విభేదించడమంటే ఏమిటి రతోమిర్? ఎత్తొద్దనడమే కదా! కమిషన్‌లో అంతమంది కళ్ళజోళ్ళు పెట్టుకుని కూర్చుని ఈ ఒక్క మాట అడగలేదా? అడిగారట. మూడోదాన్ని తుడిచి తిరగరాసుకుంటున్న క్షణంలో గేటు పట్టుజారిందని చెప్పావట. ఎంత చక్కగా చెప్పావు! స్తనోయె నడుపుతున్న బేకరీ వ్యాన్ రొట్టెలతో సహా పట్టాలెక్కింది, రైలు గుద్దింది, తప్పేమో పట్టాలెక్కొద్దన్నదానిది. ఇప్పుడు పెట్టె విప్పితే నేను లేను. నా చోట నీ నకలుంది.

నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన సంగతి నాకు ఎవరూ చెప్పకముందే బజారుకి తెలిసింది. మిరపకాయలమ్మే ఆవిడ బస్తా తూస్తూ, "ఏమ్మా, ఈ కాటా నువ్వు బాగుచెయ్యలేదు కదా?" అంది. వరసంతా నవ్వింది. బస్తా భుజాన వేసుకుని ఇంటికొచ్చాను. కాల్చాను, తొక్కలు తీశాను. ప్రతి తొక్కా నీదే అనుకున్నాను.

నీ పెళ్ళికి సాక్షిగా నీ పక్కన నిలబడి కొవ్వొత్తి పట్టుకున్నదాన్ని. ఆ రోజు నుంచి నువ్వు నాకు కూమ్‌వి, నేను నీకు కూమాని. నెత్తురు పంచుకున్నవాళ్ళకంటే దగ్గర. కూమ్ మీద కూమ్ కోర్టుకెళ్ళడని లెక్క కట్టుకునే నువ్వీ పని చేశావు. లెక్క సరైనదే. నేను వెళ్ళను. వెళితే మా అమ్మ గుమ్మం తొక్కనివ్వదు.

ఊరుకుంటానని మాత్రం లెక్క కట్టకు.

తియానా


బెల్‌గ్రేడ్,
అక్టోబరు

ప్రియమైన కూమా తియానా,

డ్రైవర్ నిజంగానే మైకులో పిలిపించాడు. అదీ నువ్వు నేర్పినట్టుంది, "నిష్ నుంచి కోపంగా ఉన్న ఉత్తరం వచ్చింది" అని. స్టేషనంతా తిరిగి చూసింది. సంతోషమేనా?

నీ బాధ నాకర్థమవుతోంది. నన్ను తిట్టడంవల్ల అది తగ్గేటట్టయితే ఇంకో నాలుగు ఉత్తరాలు రాయి, అన్నీ చదువుతాను. కానీ న్యాయంగా ఆలోచించు. నేను నీ మీద ఏమీ చెప్పలేదు. పెట్టెలో ఉన్న రికార్డు చదివాను. "మూడోది చెడింది" అని రాసింది నేను కాదు, యంత్రం. మనుషులం పక్షపాతం చూపిస్తామనే కదా మనం యంత్రానికి అప్పజెప్పింది?

ఇంకో మాట. ఇద్దరు మనుషులు వేరువేరు గదుల్లో కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒకే జవాబుకి వచ్చారు. మూడోమనిషి వేరే జవాబుకి వచ్చింది. నువ్వే కమిషన్‌లో ఉంటే ఎవర్ని నమ్ముతావు? కోపం పక్కనపెట్టి చెప్పు.

వైర్ల ఫ్యాక్టరీలో కట్టలు కడుతున్న పిల్లని, చెత్తలో పారేసిన బోర్డులు ఇంటికి పట్టుకెళ్ళి తనంతట తను నేర్చుకున్న పిల్లని, డిగ్రీ లేదని అందరూ అడ్డుపడుతున్నా లోపలికి తెచ్చింది నేను. అదీ గుర్తుంచుకో. ఏప్రిల్‌లో కమిషన్ ఆఖరి పరీక్ష ఉంది. అది నెగ్గితే మన పెట్టెలు దేశంలో సగం గేట్లకి వెళ్తాయి. అప్పటిదాకా ఓపికపట్టు. ఈలోగా విదా వాళ్ళన్నయ్య ఫోన్లు బాగుచేసే కొట్లో నీకు చోటుంది, మాట్లాడాను.

విదా ఆయ్వార్, అదే కాల్చిన మిరపకాయల పచ్చడి, సీసాల్లో పెట్టి పంపుతోంది. నీకిష్టమని కారం ఎక్కువ వేసిందట.

నీ కూమ్,
రతోమిర్


నిష్,
నవంబరు

గౌరవనీయులైన ముఖ్య పరిశోధకులవారికి,

సీసాలు వెనక్కి పంపాను. విదా చేతివంట మీద నాకు కోపం లేదు. నీ ఇంటి గాలి సీసాలో కూడా నాకు అక్కర్లేదు.

స్తనోయె ఇంటికి వెళ్ళాను. నువ్వు వెళ్ళావా? కాలువ అవతల, తలుపుకి పచ్చరంగు. తలుపు తీసిన మనిషి చొక్కా ఎడమచెయ్యి మోచేతి దగ్గర మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు.

"ఎందుకొచ్చావు? రెండోది కూడా పట్టుకుపోవడానికా?"

"గేటు సంగతి మాట్లాడదామని."

"నువ్వే కదూ, ఆ గేటు పిల్లవి?"

"ఎత్తినదాన్ని కాదు. ఎత్తొద్దన్నదాన్ని."

"అందరూ అలాగే అంటారమ్మా. నా చెయ్యొక్కటే ఏమీ అనడంలేదు." తలుపు వేసేస్తుంటే లోపలినుంచి వాళ్ళావిడ, "చలిలో నిలబెట్టి తిట్టకు, లోపల కూర్చోబెట్టి తిట్టు," అని కేకేసింది. కాఫీ పెట్టింది. ఆయన తిట్టాడు. నేను కాఫీ తాగాను. అయ్యాక ఆరోజు ఏమైందో మొదటినుంచి చెప్పమన్నాను. ఇదివరకు ఎవరూ అలా అడగలేదనుకుంటాను, కుర్చీ దగ్గరికి జరుపుకుని మొదలుపెట్టాడు.

గేటు దిగి ఉంది. నిష్ వైపునుంచి రైలొచ్చింది, పోయింది. గేటు లేచింది. "జారిందా?" అన్నాను. "జారడమేమిటి! పెళ్ళికొడుకులా తీరిగ్గా లేచి నిలబడింది. ఎర్రదీపాలు ఆరాయి. నేనింకా సిగరెట్ ఆర్పుతున్నాను, వెనక ట్రాక్టరువాడు 'నిద్రపోయావా తాతా' అని హారన్ కొట్టాడు. అప్పుడు కదిలాను. ఎదురుదిక్కునుంచి పక్క పట్టాల మీద ఇంకో బండి. మొదటిది మలుపు తిరిగేదాకా అది కనబడనే లేదు."

"ఈ మాట కమిషన్‌కి చెప్పారా?"

"చెప్పకేం? ఆ పొడుగాటాయన, చాలా మర్యాదస్తుడు, నా భుజం మీద చెయ్యేసి, 'మీరు షాక్‌లో ఉన్నారు, అలాంటప్పుడు ఏది ముందో ఏది వెనకో సరిగ్గా గుర్తుండదు' అన్నాడు. నిజమేనేమో అనుకున్నాను. అంత చదువుకున్నవాడు."

పొడుగాటాయనా, ఆ చెయ్యి ఏ భుజం మీద వేశావు?

పట్టుజారిన గేటు అలా లేచి నిలబడదు. దీపాలు ఆర్పదు. మీ రెండు సర్క్యూట్లూ చక్కగా ఆలోచించుకునే ఎత్తమన్నాయి. ఒక రైలు పోయింది కాబట్టి దారి ఖాళీ అనుకున్నాయి. రెండో బండి ఉంటుందన్న ఊహే వాటికి లేదు. నాదానికి ఉంది, అంతే తేడా. ఇప్పుడు నీ ప్రశ్నే నిన్నడుగుతున్నాను. ఇద్దరు మనుషులు వేరువేరు గదుల్లో కూర్చుని, మాట్లాడుకోకుండా, ఒకేచోట ఒకేలా గుడ్డివాళ్ళు ఎలా అయ్యారు? సరైన జవాబు ఇద్దరికి కలవడం వింత కాదు. ఒకే తప్పు కలిసిందంటే నాకు వాసనొస్తోంది.

నువ్వు కమిషన్‌కి చూపించబోయే పెట్టెలో ఇప్పుడు మూడూ నువ్వే. ముగ్గురు రతోమిర్‌లు కూర్చుని ఒకరికొకరు తలలూపుకుంటున్నారు. నమ్మకానికి అంతకంటే మంచి బొమ్మ ఇంకోటి లేదు.

ఫోన్ల కొట్టుకి వెళ్ళలేదు. వైర్ల ఫ్యాక్టరీకి తిరిగెళ్ళాను. అక్కడ నన్నెవరూ జాలిగా చూడరు, పని చెయ్యకపోతే తిడతారు. హాయిగా ఉంది.

తియానా


బెల్‌గ్రేడ్,
నవంబరు చివర

తియానా,

స్తనోయె ఇంటికి నువ్వు వెళ్ళడం సంస్థ లాయర్లకి తెలిసింది. సాక్షిని కలవడమంటే ఏమిటో నీకు తెలియదు, అందుకే చెబుతున్నాను: ఇది నీకే చుట్టుకుంటుంది. నిష్‌లో ఈ పని చేసే చోట్లు ఎన్నున్నాయి? అన్నిచోట్లా నాకు తెలిసినవాళ్ళే. ఒక ఫోన్ నేను చెయ్యకుండా ఆగానంటే అది మన మధ్య వెలిగిన ఆ కొవ్వొత్తి మీద గౌరవంతో. నువ్వు ఆ గౌరవాన్ని ఉత్తరాల్లో పెట్టి బస్సు డ్రైవర్లతో ఊరేగిస్తున్నావు.

వాసన అన్నావు. చెబుతాను విను. నేనూ మిలుతినూ ఈ గేటు గురించి ఒక్కరోజు, ఒక్కమాట కూడా మాట్లాడుకోలేదు. అసలు పనివేళల బయట మేమిద్దరం ఒకచోట కూర్చున్నదే లేదు, మా ఇంటి స్లావా రోజున తప్ప. ఆ రోజు మా ఇంటిని కాపాడే సెయింటు నికోలా పండుగకి ఊరంతా వచ్చి కూర్చుంటుంది, అక్కడ ఎవరైనా ఆఫీసు పని మాట్లాడతారా? నీకు తెలిసేదే, కానీ నిరుడు నువ్వు రాలేదు కదా, పరీక్షబల్ల దగ్గర నీ డ్యూటీ పడింది. విదా నీ వాటా పంపింది కూడా.

కాబట్టి ఊహలు కట్టిపెట్టు. మంచిగా చెప్పడం ఇదే ఆఖరు.

రతోమిర్


నిష్,
డిసెంబరు, మీ స్లావా తెల్లారి

కూమ్ రతోమిర్‌కి, ఘనమైన ఆతిథ్యానికి కృతజ్ఞతలతో,

స్లావాకి ఎవర్నీ పిలవరు, వచ్చినవాళ్ళని ఎవరూ వెళ్ళగొట్టరు. ఆ రోజు గుమ్మం తెరిచే ఉంచాలి. ఇంటి యజమాని కూర్చోకూడదు, పొద్దున్నించి సాయంత్రందాకా నిలబడి వడ్డించాలి. నిన్నటిదాకా అది ఆచారమనుకునేదాన్ని. నిన్న గుమ్మంలో నన్ను చూసిన నీ మొహం చూశాక అది ఆచారం కాదు, నాకోసం ఎవరో దాచిపెట్టిన బహుమతి అనిపించింది.

"దయచెయ్యి కూమా," అన్నావు. పళ్ళు కనబడేలా అన్నావు. విదా ఉడకబెట్టిన గోధుమల గిన్నె పట్టుకొచ్చింది. శిలువ గీసుకుని చెంచాడు తిన్నాను. "ఎంత చిక్కిపోయావే!" అని నన్ను కావలించుకుంది. పాపం తనకేమీ తెలియదు. నువ్వు చెప్పలేదు. నాకు రకియా, ఆ పళ్ళ సారా, పోసింది నువ్వే, నీ చేత్తో. గ్లాసు నిండా పోశావు, ఒక చుక్క బల్ల మీద పడింది.

మిలుతిన్ అప్పటికే మూడో సీసా దగ్గరున్నాడు. నన్ను చూడగానే బల్లంతా వినబడేలా, "గేటు పిల్లొచ్చిందర్రా! చేతులు లోపల పెట్టుకోండి!" అన్నాడు. అందరూ నవ్వారు. వెళ్ళి సరిగ్గా అతని పక్కనే కూర్చున్నాను, నేనూ నవ్వుతూ. నీ దగ్గర పనిచేసి నేర్చుకున్న విద్య అదొక్కటే, నవ్వడం.

నువ్వు వంటింట్లోకి వెళ్ళావు, చేప తేవడానికి. నువ్వు అక్కడున్న కాసేపట్లో ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

"నిరుడు ఈ బల్ల నాకు తప్పిపోయింది మిలుతిన్ అన్నా," అన్నాను. "నన్ను మెట్లకింద కూర్చోబెట్టి మీరంతా ఇక్కడ తిన్నారు."

"అబ్బ, ఏం బల్లనుకున్నావ్ నిరుడు! ఇక్కడే, ఇదిగో, ఇక్కడే గేటు కట్టాం!"

"గేటా?"

"మరి! నేను వారాలుగా ఆ లెక్కతో తల బాదుకుంటున్నాను, అన్నం సయించడంలేదు. మీవాడు చూశాడు, జాలిపడ్డాడు. పండుగపూట ఇంటికొచ్చినవాడు దిగులుగా కూర్చుంటే యజమాని ఊరుకుంటాడా? రొట్టె ముక్క తుంచాడు, ఇది రైలన్నాడు. ఫోర్కు నిలబెట్టి ఇది గేటన్నాడు." అతను ఫోర్కు తీసి చూపించాడు కూడా. "రైలు ఇలా వచ్చింది. ఇలా పోయింది. ఫోర్కు లే! అంతే! వారాల లెక్క ఒక్క గుక్కలో తేలిపోయింది. మర్నాడు వెళ్ళి అలాగే రాసేశాను."

"అటుపక్కనుంచి ఇంకో రొట్టె ముక్క వస్తే?" అన్నాను.

"అటుపక్క చేప పళ్ళెం ఉందే పిచ్చిమొద్దూ! చోటెక్కడిది? అటునుంచి చేప తప్ప ఏమొస్తుంది!"

బల్ల బద్దలయ్యేలా నవ్వారు. పక్కనున్న ముసలాయనకి దగ్గొచ్చింది, వీపు మీద తట్టారు. నేనూ నవ్వాను. సరిగ్గా అప్పుడే నువ్వు పళ్ళెం పట్టుకుని వచ్చి, "ఏంటంత నవ్వు?" అన్నావు. "చేప బాగుంది కూమ్," అన్నాను. "ఇంకా తినందే?" అన్నావు.

వాసన దొరికింది.

మాట్లాడుకోకూడదన్న నియమం ప్రపంచంలో ఎక్కడైనా నిలుస్తుందేమో, మనదగ్గర నిలవదు. గదుల మధ్య గోడలు కట్టగలం. దిగులుపడ్డ అతిథిని పలకరించకుండా ఉండలేం. ఆ ఒక్కపూట ఆదరణతో ముగ్గురి ఓటు ఇద్దరి ఓటైంది, నాది తుడిచేశాక అదీ ఒకటైంది. నేను మీకంటే తెలివైనదాన్నని చెప్పుకోను. ఆ రోజు మీ పక్కన కూర్చుని ఉంటే నేనూ ఆ ఫోర్కు చూసి చప్పట్లు కొట్టి, ఇంటికెళ్ళి అదే రాసేదాన్ని. అప్పుడు ఎత్తొద్దనేవాడు ఒక్కడూ ఉండేవాడు కాడు.

ఇంతవరకే అయితే క్షమించేదాన్నేమో. పొరపాటు ఎవరైనా చేస్తారు. కానీ స్తనోయె రెండో బండి అన్నప్పుడు నీకు అక్కడే, ఆ నిమిషంలోనే అర్థమైంది. అందుకే భుజం మీద చెయ్యేశావు. తెలిసి నన్ను తోశావు. దానికి క్షమాపణ నా దగ్గర లేదు. ఉన్నా నీకివ్వను.

తియానా


బెల్‌గ్రేడ్,
జనవరి, క్రిస్మస్ తర్వాత

కూమా,

మిలుతిన్‌ని అడిగాను. ఏమీ గుర్తులేదంటున్నాడు. నువ్వు ఎవరికి చెప్పినా అతను ఒప్పుకోడు, ఆ బల్ల దగ్గరున్నవాళ్ళెవరూ ఒప్పుకోరు. స్లావాలో విన్నమాట బయట సాక్ష్యం చెప్పేవాడు ఈ దేశంలో పుట్టలేదు. ఇది బెదిరింపు కాదు. నీకూ తెలుసు.

సరే, నేరుగా మాట్లాడుకుందాం. నువ్వు ఊహించినదాంట్లో నిజముంది. రెండో బండి సంగతి మా సర్క్యూట్లలో లేదు. నేను సరిచెయ్యాలనే అనుకుంటున్నాను. ఇప్పుడు చెయ్యలేను. నమూనాకి కమిషన్ సీలు వేసింది. ఇప్పుడు ముట్టుకుంటే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెబితే పదేళ్ళ పని, నలభై కుటుంబాలు, అంతా నేలపాలు. కమిషన్ పరీక్షలో ఒక్క రైలే నడుపుతారు. అది నెగ్గుతుంది. వేసవిలోపు నేను నెమ్మదిగా, ఒక్కొక్క గేటూ, ఎవరికీ తెలియకుండా సరిచేస్తాను.

మూడో చోటు మాత్రం ఇప్పుడే మార్చొచ్చు. అది చెడిందని రికార్డులో ఉంది కాబట్టి ఎవరూ అడగరు. వచ్చి నీ సర్క్యూట్ మళ్ళీ రాయి. నీదే, నీకు తోచినట్టే. ఉద్యోగం తిరిగిస్తాను, మెట్లకింద కాదు, కిటికీ ఉన్న గది. సూవి బ్రోద్‌లో జరిగింది మాత్రం ఎలా రాసి ఉందో అలా ఉండనీ. స్తనోయెకి ఏం తేడా పడుతుంది? ఎవరి పేరు రాస్తే చెయ్యి మొలుస్తుంది?

విదాకి ఇదేమీ తెలియదు. తను నన్ను ఎలాంటివాణ్ణని అనుకుంటోందో, ఆ మనిషిగానే నన్ను ఉండనీ. ఇంతే అడుగుతున్నాను.

రతోమిర్


నిష్,
మార్చి

రతోమిర్,

నీ ఉత్తరం చదివి చాలారోజులు జవాబు రాయలేదు. కిటికీ ఉన్న గది గురించి ఆలోచించానని అనుకుంటున్నావు కదూ? ఆలోచించాను. ఆ కిటికీలోంచి నిన్ను తోసెయ్యొచ్చా అని.

నీ బేరం ఇదీ: రెండు గుడ్డికళ్ళ పక్కన నన్ను కూర్చోబెడతావు. నేను ఒద్దంటాను, మీరిద్దరు ఎత్తమంటారు, యంత్రం నన్ను మళ్ళీ తుడిచేసి నిన్ను రాసుకుంటుంది. సూవి బ్రోద్‌లో జరిగింది అదే కదా! నువ్వు నాకిచ్చే ఉద్యోగం మళ్ళీ మళ్ళీ తుడిచివేయించుకునే ఉద్యోగం. ఇంత చదివినవాడివి, ఈ సంగతి నీకు తట్టలేదని నేను నమ్మను. నా నోరు మూయించడానికి నీకు ఒక సర్క్యూట్ కావాలి, అంతే.

నెమ్మదిగా సరిచేస్తానన్నావు. ఈలోగా ఏ గేటు దగ్గర ఎవరి వ్యాన్ ఆగి ఉంటుందో నీకు తెలుసా?

స్తనోయె ఇంటికి మళ్ళీ వెళ్ళాను. మీ ఇంట్లో విన్నది చెప్పలేదు. నువ్వన్నది నిజమే, నేనూ ఈ దేశంలోనే పుట్టాను. ఒక్కటే చెప్పాను: "మీరు షాక్‌లో లేరు. మీరు చూసింది చూసినట్టే జరిగింది." ఆయన వాళ్ళావిణ్ణి పిలిచి, "విన్నావా? నాకు మతిపోలేదట," అన్నాడు. ఆవిడ, "నీకు మతి ఉందని నేనెప్పుడన్నాను?" అని ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. చెయ్యి పోయినందుకంటే తన కళ్ళని తనే నమ్మలేకపోయినందుకు ఆ మనిషి ఎక్కువ కుమిలాడు. అది కూడా నీ ఖాతాలోదే.

తర్వాత ఆయన కమిషన్‌కి రాశాడు. రాసింది ఆయన; నేను పక్కన కూర్చుని కాఫీ తాగాను. అందులో నీ పేరు లేదు, మిలుతిన్ పేరు లేదు, ఎవరి మీదా నేరం లేదు. కూమ్ మీద కూమ్ ఏ మాటా చెప్పలేదు. చెయ్యి పోగొట్టుకున్నవాడిగా ఆయన రెండే అడిగాడు. ఆఖరి పరీక్ష సూవి బ్రోద్ దగ్గరే పెట్టి, ఆరోజులాగే రెండువైపుల నుంచీ రైళ్ళు నడపండి. గేటు లేచాక పట్టాలు దాటే వ్యాన్‌ని ఆ పెట్టె తయారుచేసినవాళ్ళలో ఒకరు నడపాలి.

ఒప్పుకున్నారు. కమిషన్ పెద్దావిడ తనే ఆయనకి ఫోన్ చేసి, "ఇందులో కాదనడానికేముంది? వాళ్ళు నమ్మని గేటుని నేనెందుకు నమ్మాలి?" అందట. నడిపేవాడి పేరు రాసి సంతకం పెట్టి పంపమని వచ్చే సోమవారం నీకు కాగితం వస్తుంది. ముఖ్య పరిశోధకుడివి నువ్వే కదా, రాయాల్సింది నువ్వే.

నా పేరు రాయలేవు. నేను పెట్టెలో లేను, తుడిచేశారు.

మిలుతిన్ పేరు రాద్దామని అప్పుడే అనుకున్నావు, నీ సంగతి నాకు తెలుసు. రాయి. ఆ రోజే నీ జనవరి ఉత్తరం అతని చేతిలో ఉంటుంది. రెండో బండి సంగతి తెలిసి కూడా తనని ఆ గేటు కిందికి తోలావని అతనికి తెలిసిన నిమిషంలో ఎన్నెన్ని గుర్తొస్తాయో చూద్దాం. అతను నీకు కూమ్ కాదు, ఆపడానికి అతనికి ఏ కొవ్వొత్తీ లేదు.

ఇంక మిగిలింది నీ పేరు.

భయపడకు, చావవు. రెండో బండి నెమ్మదిగా వస్తుంది, దూరంగా ఆగిపోతుంది. పట్టాల పక్కన ఎర్రజెండాలు పట్టుకుని మనుషులుంటారు, వాళ్ళలో నేనూ ఉంటాను. నిన్ను చంపాలని లేదు. ఉండేది, శీతాకాలమంతా ఉండేది. ఇప్పుడు అంతకంటే మంచిది కావాలి. మొదటి బండి పోతుంది. గేటు తీరిగ్గా లేస్తుంది. దీపాలు ఆరతాయి. నీ యంత్రం, నీ మూడు ఓట్లూ, "పద" అంటాయి. చుట్టూ కమిషన్ ఉంటుంది, స్తనోయె ఉంటాడు, విదా ఉంటుంది. తనని నేనే పిలిచాను, నువ్వు చేసిన గేటు చూద్దువుగాని రమ్మని. అప్పుడు అందరూ నీ కాలివైపు చూస్తారు. బ్రేకు మీదినుంచి ఆ కాలు లేస్తుందా? లేవదు. గేటు తెరిచి ఉన్నా కదలని మనిషి తన పెట్టె గురించి ఏం చెబుతున్నాడో పసివాడికైనా అర్థమవుతుంది. నువ్వు నోరు తెరవక్కర్లేదు.

మూడో సర్క్యూట్ రాస్తున్నాను. నీ బేరం కోసం కాదు. నువ్వేం చేసినా రాస్తాను, నేరుగా కమిషన్‌కే ఇస్తాను. మొదటి రెండూ కూడా మొదటినుంచి మళ్ళీ రాయాలి, నువ్వెప్పుడూ అన్నం పెట్టని మనుషులు రాయాలి. ఒక్కటి విభేదిస్తే తుడిచేసే ఆ గుణం తీసెయ్యాలి. ఒకరు ఒద్దంటే గేటు దిగే ఉండాలి, మనిషొచ్చి ఎందుకు ఒద్దంటున్నావని అడగాలి. చప్పట్లు తక్కువ పడతాయి. పడనీ.

ఇక నాకు కావలసింది. ఒక కాగితం మీద నీ చేతిరాతతో: ఆరోజు గేటు ఎత్తమన్నది నీదీ మిలుతిన్‌దీ, ఒద్దన్నది తియానాది, స్తనోయె చూసింది నిజం, అది నీకు అప్పుడే తెలుసు. ఈ నాలుగు మాటలూ కమిషన్‌కి వెళ్ళాలి, దాని నకలు నాకు రావాలి. లేదా వ్యాన్ నడిపేవాడి పేరు, నీ సంతకంతో. రెండిట్లో ఒకటి. మధ్యలో ఇంకేమీ రాయకు. ఆరోగ్యం గురించీ, విదా గురించీ, కొవ్వొత్తి గురించీ అసలు రాయకు.

కాగితం నీకందిన ఆ వారంలోనే, శుక్రవారం సాయంత్రం బెల్‌గ్రేడ్ బస్సు నిష్‌లో ఆగేసరికి నేను స్టేషన్‌లో ఉంటాను. డ్రైవర్ దిగేటప్పుడు ఆయన చేతిలో నీ జవాబు ఉండాలి.

తియానా